ఎస్పీ రోడ్డు సెకండ్ హ్యాండ్ లెనోవో థింక్‌ప్యాడ్ టీ480 ల్యాప్‌టాప్: పిల్లల చదువుకి కొనొచ్చా?

కొనొచ్చు, పదికి ఏడున్నర. ఆ రెండున్నర మార్కులు ఎక్కడ పోయాయో తెలిస్తేనే కొనండి.

ఇంటర్‌కి, డిప్లొమాకి వచ్చిన పిల్లలకి ఫోను చాలదు. కోడ్ రాయాలన్నా రిపోర్ట్ టైప్ చేయాలన్నా కీబోర్డ్ ఉండాల్సిందే. కూలి డబ్బుల మీద నడిచే ఇళ్లకి, పేటల్లోని ట్యూషన్ సెంటర్లకి బెంగళూరులో దిక్కు ఎస్పీ రోడ్డే (సదర్ పత్రప్ప రోడ్డు అని పూర్తి పేరు చెబితే ఆటోవాళ్లే తెల్లమొహం వేస్తారు). చిక్‌పేట మెట్రోలో దిగి నడవొచ్చు. కంపెనీలు వదిలేసిన టీ480 అక్కడ కొత్త ల్యాప్‌టాప్ ధరలో సగానికి అటూ ఇటూగా దొరుకుతుంది.

టీ480నే ఎందుకంటే, అది 2018 మోడల్. ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్లతో వచ్చింది, విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునేది అక్కడి నుంచే. పక్కనే పెట్టి అమ్మే టీ470 అచ్చం కవల పిల్లలా ఉంటుంది కానీ లోపల ఆరో తరమో ఏడో తరమో. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది కాబట్టి దాంట్లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకోవడమే. స్టిక్కర్‌ని నమ్మకండి, అవి విడిగా కూడా దొరుకుతాయి. సెట్టింగ్స్‌లో అబౌట్ తెరిస్తే ఐ5-8250యూ, 8350యూ లాంటి, 8తో మొదలయ్యే నంబర్ కనబడాలి.

అసలు గండం తాళం. ఆన్ చేయగానే ఎఫ్1 నొక్కితే బయాస్ (విండోస్ కన్నా ముందు నడిచే లోపలి సెట్టింగ్స్) తెరుచుకోవాలి. పాస్‌వర్డ్ అడిగిందా, లేచి వచ్చేయండి. ఆ సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పోతే మదర్‌బోర్డ్ మార్చడమే దారని లెనోవోనే చెబుతుంది. రెండో తాళం ఇంకా గడుసుది. పాత కంపెనీ ఆన్‌లైన్‌లో పెట్టుకున్న తన మెషిన్ల జాబితాలోంచి దీన్ని తీసేయకపోతే, నెట్ లేకుండా విండోస్ సెటప్ చేసి చూపించినప్పుడు అంతా బాగానే ఉంటుంది. ఇంటికెళ్లి ఎప్పుడో రీసెట్ కొట్టి నెట్ కలిపితే కంపెనీ లాగిన్ పేజీ ఎదురవుతుంది, ఇక ముందుకి కదలదు. అందుకే దుకాణంలోనే రీసెట్ చేయించి, సెటప్ మొదట్లోనే మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. అరగంటో గంటో పడుతుంది. షాపతను విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

దీనికి బ్యాటరీలు రెండు: వెనక ఊడదీసేది, లోపల దాగి ఉన్నది. కమాండ్ ప్రాంప్ట్‌లో powercfg /batteryreport అని కొట్టి బ్యాటరీ రిపోర్ట్ తీస్తే రెండిటి లెక్కా విడివిడిగా వస్తుంది. లోపలిది కొత్తలో 24,000 మిల్లీవాట్ అవర్ల దగ్గర ఉంటుంది. ఇప్పటి ఫుల్ ఛార్జ్ 12,000 కన్నా తక్కువ చూపిస్తే ఆ మేరకు ధర తగ్గించమనండి. వెనకది క్షణంలో మార్చొచ్చు, లోపలిదానికి అడుగు మూత విప్పాలి. అరచేయి ఆనించే చోటు ఉబ్బెత్తుగా ఉంటే బ్యాటరీ ఉబ్బినట్టే, తీసుకోవద్దు.

ఈ మోడల్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బొకటుంది. పాత థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ (ఆ పోర్టుని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) వల్ల యూఎస్‌బీ-సీ పోర్టులు పనిచేయడం మానేస్తాయి, ఛార్జింగూ పోవచ్చు. ఎడమవైపు ఉన్న రెండు పోర్టుల్లోనూ ఛార్జర్ పెట్టి చూడండి. కొన్న రోజే లెనోవో సైట్ నుంచి ఆ అప్‌డేట్ వేసేయండి. ఛార్జర్ 65 వాట్లది అడగండి.

స్క్రీన్ సంగతి, 1366×768 రకం వెలవెలబోతూ ఉంటుంది, పక్కనుంచి చూస్తే రంగులు మారిపోతాయి. ఇద్దరు పిల్లలు ఒకేసారి చూస్తారంటే ఫుల్ హెచ్‌డీ ఐపీఎస్ స్క్రీన్ (పక్కనుంచి చూసినా రంగులు మారని రకం) కోసం ఇంకో రెండు దుకాణాలు తిరగండి. ర్యామ్‌కి స్లాట్లు రెండు కాబట్టి 8 జీబీ ఒకే ముక్కగా ఉన్నది తీసుకుంటే తర్వాత పెంచుకోవచ్చు.

ఇంటికి తెచ్చాక మొదటి పని: వైఫైలో మీ హాట్‌స్పాట్‌ని మీటర్డ్ కనెక్షన్‌గా (డేటా పొదుపుగా వాడమని విండోస్‌కి చెప్పే సెట్టింగ్) పెట్టండి. లేదంటే విండోస్ అప్‌డేట్లు ఆ రోజు డేటాని గుటుక్కున మింగేస్తాయి, సాయంత్రం క్లాసుకి నెట్ ఉండదు. ఉచిత వైఫై దొరికిన రోజున కివిక్స్‌లో (నెట్ లేకుండా చదువుకునే యాప్) తెలుగు వికీపీడియా దించిపెట్టుకుంటే, రీఛార్జ్ అయిపోయిన రోజుల్లో కూడా చదువుకోవచ్చు.