చివరి నెలల వాంతులను గ్యాస్ అనుకోకుండా లివర్ టెస్టు చేసిన హాస్పిటల్

మెటర్నిటీ హాస్పిటల్ అనగానే అందరూ రూములు, ప్యాకేజీ రేటు అడుగుతారు. విజయవాడలో మా చెల్లిని చేర్చిన హాస్పిటల్‌కి నేను ఐదు స్టార్లు ఇస్తున్నది మాత్రం ఆ రాత్రి ఎమర్జెన్సీలో ఉన్న డ్యూటీ డాక్టరమ్మను చూసి.

చెల్లికి 35వ వారం. వాంతులు, కుడివైపు డొక్క కింద నొప్పి, ఎన్ని నీళ్లు తాగినా తీరని దాహం. అంతకుముందు చూపించిన క్లినిక్‌లో గ్యాస్ అని సిరప్ రాసి పంపేశారు. ఈవిడేమో, వాంతులు చివరి నెలల్లో కొత్తగా మొదలైతే లివర్ చూడాల్సిందే అన్నారు. బీపీ మామూలుగానే ఉంది, కళ్లు కూడా పచ్చబడలేదు. అయినా "ఏమ్మా, దాహం ఎప్పట్నుంచి? యూరిన్ ఏ రంగులో వస్తోంది?" అని ఒక్కొక్కటీ అడిగి, వేలు గుచ్చి షుగర్ చూస్తే 52! దాహం కదా, షుగర్ పెరిగిందేమోనని మేం భయపడుతుంటే అది పడిపోయి ఉంది. వెంటనే గ్లూకోజ్ పెట్టి, లివర్ ఫంక్షన్, ప్లేట్‌లెట్లు, క్రియాటినిన్, రక్తం గడ్డకట్టే టైమ్, హెపటైటిస్ ఇ అన్నిటికీ శాంపిల్స్ పంపారు.

లివర్ ఎంజైములు, బిలిరుబిన్ పెరిగాయి, రక్తం గడ్డకట్టడం ఆలస్యమవుతోంది. అక్యూట్ ఫ్యాటీ లివర్ ఆఫ్ ప్రెగ్నెన్సీ, అంటే గర్భిణుల లివర్‌లో కొవ్వు చేరే జబ్బు అన్నారు. అరుదైన జబ్బే, కానీ ముదిరితే లివర్, కిడ్నీలు రెండూ దెబ్బతింటాయి, దీనికి కాన్పు చేసేయడమే వైద్యమట. స్కానింగ్‌లో లివర్ మామూలుగానే కనిపించినా ఆగలేదు. రక్తం గడ్డకట్టడానికి ప్లాస్మా తెప్పించి ఆ రాత్రే ఆపరేషన్ చేశారు. పాపను ఎన్‌ఐసీయూలో ఉంచి, కొవ్వును శక్తిగా మార్చే ఎంజైమ్ లోపం ఉందేమోనని తనకూ టెస్టు చేయించారు. ఇద్దరూ ఇప్పుడు బాగున్నారు.

నచ్చనివీ ఉన్నాయి. డిపాజిట్ కట్టించుకునేదాకా బిల్లింగ్ కౌంటర్ వాళ్లు ఊపిరి తీసుకోనివ్వరు. రిపోర్టులు వాట్సాప్‌లో పడేస్తారు, వివరించేవాళ్లు ఉండరు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ ఎక్కువుందని రిపోర్టులో ఎర్రగా కనబడితే ఎంత టెన్షన్ పడ్డామో! మాయ వల్ల గర్భిణుల్లో అది పెరగడం మామూలేనని రౌండ్స్‌కి వచ్చిన పెద్ద డాక్టర్ చెప్పాక గానీ కుదుటపడలేదు.

గర్భిణులకు దద్దుర్లు లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు దురద పెడుతుంటే లివర్ కోసం చేసే బైల్ యాసిడ్స్ (పైత్యరసంలోని ఆమ్లాలు) టెస్టుకు కూడా ఇక్కడ శాంపిల్ తీసుకుంటారు, కాకపోతే బయటి ల్యాబ్‌కి పంపుతారు కాబట్టి రిపోర్టు ఎప్పుడొస్తుందో ముందే అడిగి పెట్టుకోండి.