ఏడేళ్లుగా మా పెరట్లో క్రియోసోట్ పొద

కంటికి ఇంపుగా ఉండాలని మొక్కలు పెంచేవారికి ఇది నచ్చదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎవరో నీళ్లు పోయడం మరచిపోయిన మొక్కలాగే కనిపిస్తుంది. బూడిదరంగు పుల్లలు, వాటి చివర్లలో గోరంత జంట ఆకులు, అంతే. అమెరికా, మెక్సికోల్లో పరచుకున్న ఈ సొనోరన్ ఎడారిలో ఊరు దాటితే ఎటు చూసినా ఇవే పొదలు. మళ్లీ పెరట్లో ఎందుకని చాలామంది అడిగారు.

వాన కోసం పెంచుతున్నాను. దీని ఆకులకు వార్నిష్ పూసినట్టు ఒక జిగురు పొర ఉంటుంది. ఎండకు ఆకులోని తేమ ఎగిరిపోకుండా కాపాడేది అదే. వేసవి చివర తొలి చినుకు పడగానే అందులోంచి వాసన లేస్తుంది. మనకు తెలిసిన మట్టివాసన కాదు, కర్పూరంలో కాస్త తారు కలిపినంత ఘాటు. అందరికీ పడదు. స్పానిష్‌లో దీనికున్న ఒక పేరుకు 'కంపుది' అనే అర్థం. పేరులో క్రియోసోట్ ఉన్నా, కొయ్యస్తంభాలకు పూసే ఆ నూనె దీని నుంచి తీసేది కాదు. వాసన పోలికే తప్ప వేరే సంబంధం లేదు. వాన లేని రోజుల్లో నాలుగు ఆకులు తుంచి, గుప్పిట్లో పెట్టుకుని నోటి ఆవిరి ఊది వాసన చూస్తుంటాను. ఆ జిగురు మాత్రం సబ్బుకు ఒక పట్టాన వదలదు.

మొదటి మొక్కను నేనే చంపుకున్నాను. గులాబీలకు పెట్టిన డ్రిప్పు గొట్టాన్నే దీనికీ తగిలించాను. రెండు నెలలకు ఆకులు పసుపుపచ్చగా మారి రాలుతుంటే, ఎండకు వాడుతోందనుకుని నీళ్లు ఇంకా పెంచాను. పీకి చూస్తే వేళ్లు నల్లగా కుళ్లి ఉన్నాయి. గొయ్యి అడుగున కాలీచీ అనే గట్టి సున్నపు పొర ఉంది. నీరు కిందికి దిగే దారి లేక అక్కడే నిలిచిపోయింది. రెండోసారి ఆ పొరను గునపంతో పగలగొట్టి, గొయ్యి నిండా నీళ్లు పోసి, ఇంకుతున్నాయని చూసుకున్నాకే నాటాను. ఎరువు వేయలేదు. మొదటి వేసవిలో వారానికోసారి తడి పెట్టాను, రెండో వేసవిలో నెలకు రెండుసార్లు. ఆ తర్వాత మరీ ఎండిన ఏడు తప్ప గొట్టం అటు తిప్పలేదు.

ఎదుగుదల నత్తనడక. మొదటి రెండేళ్లు జానెడు కూడా పెరగలేదు, ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది. అమెరికాలోనే ఉన్న మొహావీ ఎడారిలో 'కింగ్ క్లోన్' అని, వలయంలా విస్తరించిన ఇదే జాతి పొద ఒకటి ఉంది. దాని వయసు సుమారు 11,700 ఏళ్లని అంచనా. నేను మూడో ఏటికే విసిగిపోయాను. ఆ విసుగులోనే ఒకసారి కత్తెర తీసుకుని బంతిలా గుండ్రంగా కత్తిరించాను. లోపలి మోడులన్నీ బయటపడి, ఆ ఏడంతా చీపురుకట్టలా నిలబడింది. ఆకారం మార్చాలంటే ముదిరిన కొమ్మను మొదలంటా కోయడమే మేలు. ఎడారిలోంచి పెద్ద పొదను తవ్వి తెచ్చుకోవాలన్న ఆశ మానుకోండి. వేళ్లు కదిలితే బతకడం అరుదు, కుండీలో పెంచిన చిన్న మొక్కే నయం.

పూలు వసంతంలో వస్తాయి, మంచి వాన పడితే మళ్లీ వస్తాయి. అయిదు పసుపు రేకులు. అమ్మ వచ్చినప్పుడు ఒక పువ్వు తుంచి చూసి, "ఇది పల్లేరు పువ్వులా ఉందిరా" అంది. నిజమే, రెండూ ఒకే కుటుంబం. అయితే దీని కాయకు ముళ్లు లేవు, తెల్లటి నూగు ఉంటుంది. తేనెటీగ వచ్చి వెళ్లిన పువ్వులో రేకులు ఫ్యాను రెక్కల్లా పక్కకు తిరిగిపోతాయి. ఇక్కడ పని అయిపోయిందని మిగతా ఈగలకు చెప్పినట్టు ఉంటుంది. అది గమనించడానికి నాకు అయిదేళ్లు పట్టింది.

ఈ అక్టోబరులో దీనికి తోడుగా ఇంకో మొక్కను పడకగది కిటికీ కింద నాటుతున్నాను. గొయ్యి తవ్వి నీళ్లు పోసి చూశాను, రెండు గంటల్లో ఇంకాయి.