రబ్బరు పట్టీలతో వ్యాయామం: హీమోఫీలియా ఉన్నవాడి అనుభవం

వ్యాయామం కోసం అమ్మే సాగే రబ్బరు పట్టీల మీద సమీక్షలకు కొదవ లేదు. అవన్నీ దెబ్బ తగిలితే కాసేపు రుద్దుకుని ఊరుకునేవాళ్లు రాసినవి. నాకు తీవ్రమైన హీమోఫీలియా-ఎ, అంటే రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన ఎనిమిదో ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ మామూలులో ఒక శాతం కూడా లేదు. చిన్నప్పటి నుంచి కీళ్లలో పదేపదే రక్తం చేరడంతో ఎడమ మోకాలు, కుడి మోచెయ్యి అరిగాయి. విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో కొన్నేళ్లుగా ఈ పట్టీలతోనే కసరత్తు చేస్తున్నాను.

మొదట కొన్నది బీసెంట్ రోడ్డులో దొరికిన చవక రకం. వేసవి గడిచేసరికి అందులో ఒకటి కిటికీ ఊచకు కట్టి లాగుతుండగానే తెగి ముంజేతి మీద చరిచింది. ఇంకొకరికైతే ఎర్రటి చార పడి సాయంత్రానికి మాయమయ్యేది. నా చెయ్యి అరచేయంత మేర నల్లగా కమిలి, పసుపుపచ్చకు తిరిగి, చాలా రోజులకు గానీ మామూలు కాలేదు. అదే కంటికో తలకో తగిలి ఉంటే వెంటనే ఆ ఫ్యాక్టర్‌ను ఇంజెక్షన్‌గా ఎక్కించుకుని ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే. ఎండ, వేడి రబ్బరుకు పడవు. మన మే నెలలో పట్టీని కిటికీకే వేలాడదీసి వదిలేస్తే దాని ఆయుష్షు ఎంతో చెప్పనక్కర్లేదు. ఇప్పుడు వాడిన ప్రతిసారీ చెమట తుడిచి, కాస్త టాల్కం పౌడరు చల్లి బీరువాలో పెడుతున్నాను. మళ్లీ తీసినప్పుడు వెలుతురుకు ఎదురుగా సాగదీసి సన్నటి పగుళ్లు ఉన్నాయేమో చూస్తాను. తెగిన ముక్క వృథా పోలేదు, మా అమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టుకుంది.

రంగును చూసి మోసపోవద్దు. థెరాబ్యాండ్ అనే కంపెనీ రకంలో పసుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం, నలుపు వరుసలో బిగువు పెరుగుతుంది. పొడవు రెట్టింపయ్యేలా లాగితే పసుపుది సుమారు 1.4 కిలోల బలం, నలుపుది 3.3 కిలోలు. అన్ని కంపెనీలూ ఈ వరుస పాటించవు. నా చవక సెట్టులో అన్నిటికన్నా మొండిది ఎరుపే.

అసలు చిక్కు మరొకటుంది. డంబెల్ బరువు మొదటి నుంచి చివరి దాకా ఒకటే, పట్టీ మాత్రం సాగేకొద్దీ బిగుస్తుంది. కుర్చీలో కూర్చుని చీలమండకు పట్టీ తగిలించి కాలు చాపితే, ఆఖరి కాస్త చాపు దగ్గరే బిగువంతా వచ్చి పడుతుంది. అరిగిన మోకాలు సరిగ్గా అక్కడే బలహీనం. మా ఫిజియోథెరపిస్టు ఆ పద్ధతి మాన్పించి, పట్టీని మోకాలి వెనక తగిలించి, పాదం నేల మీదే ఉంచి మోకాలిని మెల్లగా వెనక్కి నిటారు చేయమన్నారు. తొడ కండరం పనిచేస్తుంది, కీలు గోల పెట్టదు. మోచేతికైతే మధ్యలో ఆపి, కదలకుండా పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టడమే. “ఎంత లాగారని నేను అడగనండీ, మర్నాడు పొద్దున ఎలా ఉందో చెప్పండి చాలు” అంటారాయన.

ఆ మర్నాటి లెక్క తెలియడమే మాకు ముఖ్యం. కండరం అలసిన నొప్పి నింపాదిగా, చాలావరకు రెండు వైపులా వస్తుంది, నాలుగడుగులు వేస్తే సడలుతుంది. కీలులో రక్తం చేరితే అలా ఉండదు. ఒక్క కీలులోనే ముందు జివ్వుమంటుంది, ఆ తర్వాత వెచ్చబడి, బిగుసుకుని, మడవనివ్వదు. వాపు కనబడేదాకా ఆగకుండా ఫ్యాక్టర్ ఎక్కించుకుని, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, పట్టీలు లోపల పెట్టేస్తాను. నొప్పికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ జోలికి పోను. గజ్జల్లో నొప్పి పుట్టి కాలు చాపలేకపోతే అది తుంటి లోపలి పెద్ద కండరంలో రక్తస్రావం కావచ్చు, తిన్నగా ఆసుపత్రికే. ఆ భయంతోనే పట్టీ తగిలించి కాలు పైకెత్తే కసరత్తులు నేను చేయను.

వేళ కూడా చూసుకోవాలి. ఎక్కించుకున్న మామూలు రకం ఎనిమిదో ఫ్యాక్టర్ ఒంట్లో 8 నుంచి 12 గంటల్లో సగానికి పడిపోతుంది. అందుకే ఎక్కించుకున్న పూటే కాస్త గట్టి పట్టీ, మిగతా రోజుల్లో పసుపుది లేదా ఉత్త నడక. ఆసుపత్రిలో ఫ్యాక్టర్ నిండుకున్నప్పుడు పట్టీలూ బంద్. ఎనిమిదో ఫ్యాక్టర్ చేసే పనిని తాను చేసే ఎమిసిజుమాబ్ అనే మందు ఇంజెక్షన్ మీద ఉన్నవారికి ఈ ఎగుడుదిగుళ్లు లేవు కానీ, గట్టి దెబ్బ తగిలితే వాళ్లకూ ఫ్యాక్టర్ అవసరం పడవచ్చు.

ఫలితం అంటారా, ఇంద్రకీలాద్రికి గతంలో ఘాట్ రోడ్డులో బస్సు మీదే వెళ్లేవాణ్ని. ఇప్పుడు కడ్డీ పట్టుకుని, ఆగుతూ ఆగుతూ మెట్లెక్కుతున్నాను. దిగడానికి మాత్రం బస్సే, దిగేటప్పుడే మోకాలి మీద భారం ఎక్కువ. ఈమధ్య ఆ మోకాలు మొరాయించడం బాగా తగ్గింది. మోచేతి చాపు వీసమెత్తు పెరగలేదు. అరిగిన కీలును రబ్బరు బాగుచేస్తుందని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి.

కొనేవారు పిడులు, ఇనుప కొక్కేలు ఉన్న గొట్టం రకం వద్దు, జారితే ఆ కొక్కెం వచ్చి ముఖానికే తగులుతుంది. వెడల్పాటి పట్టీని మీటరున్నర కోయించుకుంటే చాలు. చీలమండల కసరత్తుకు నేను వీటిని ఇంకా వాడటం లేదు. వాటికి ప్రస్తుతం గోడకు చెయ్యి ఆనించి ఒంటికాలి మీద నిలబడటం ఒక్కటే చేయిస్తున్నారు.