విరేచనాల శాంపిల్‌కి మెకాంకీనా, ఎక్స్‌ఎల్‌డీనా?

ఈ రెండూ బ్యాక్టీరియాను పెంచి గుర్తుపట్టడానికి వాడే అగార్ మాధ్యమాలు. రెండు ప్లేట్లూ వేయడమే మంచిది. కానీ విరేచనాలు తెచ్చే సాల్మొనెల్లా బ్యాక్టీరియా అనుమానం ఉంటే నా కళ్లు ముందు ఎక్స్‌ఎల్‌డీ మీదికే వెళ్తాయి.

మెకాంకీలోని పైత్య లవణాలు, క్రిస్టల్ వయొలెట్ అనే రంగు గ్రామ్ పాజిటివ్‌లను (గ్రామ్ రంగు పరీక్షలో ఊదాగా కనిపించే బ్యాక్టీరియాను) ఎదగనివ్వవు. లాక్టోజ్ (పాల చక్కెర) వాడుకునే పేగు బ్యాక్టీరియా ఈ.కోలై గులాబీ రంగులో వస్తుంది. సాల్మొనెల్లా, విరేచనాలు తెచ్చే మరో బ్యాక్టీరియా షిగెల్లా రెండూ రంగు లేకుండానే ఉంటాయి. ఏది ఏదో కంటికి తెలియదు.

ఎక్స్‌ఎల్‌డీని 37 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచి పొద్దున్నే చూడండి. ఎర్రటి కాలనీ (బ్యాక్టీరియా గుంపు) నడుమ నిగనిగలాడే నల్లటి చుక్క! అది హైడ్రోజన్ సల్ఫైడ్ గుర్తు, చాలా సాల్మొనెల్లాలు ఇలాగే కనిపిస్తాయి. షిగెల్లాకి ఎరుపే, చుక్క ఉండదు. ఈ.కోలై పసుపు. అయితే సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా కూడా ఎర్రగా రావచ్చు, అందుకే ఏదో తేల్చడానికి ఆక్సిడేజ్ (ఒక ఎంజైమ్ పరీక్ష), బయోకెమికల్ పరీక్షలు తప్పవు.

తయారీలో మెకాంకీ సులువు, ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరితో క్రిములను చంపే యంత్రంలో) పెట్టేయొచ్చు. ఎక్స్‌ఎల్‌డీని మరుగు రాగానే దించేయాలి. ఆటోక్లేవ్ చేస్తే పాడైపోతుంది.