ఈ-ఫ్లాట్ బేస్‌కి డెనిస్ విక్ 2ఎల్ మౌత్‌పీస్: ఏడేళ్లు వాడాక

నేనుండేది ఇంగ్లండ్‌లో, యార్క్‌షైర్‌లో. ఆస్పత్రి ఉద్యోగం, సాయంత్రాలు బ్రాస్ బ్యాండ్. ఇక్కడ చిన్న చిన్న ఊళ్లకి కూడా సొంత బ్యాండ్‌లుంటాయి. చేరితే వాయిద్యం చాలాచోట్ల వాళ్లే ఇస్తారు. ట్యూబా అనే పెద్ద ఇత్తడి ఊదుడు వాయిద్యాన్ని వీళ్లు ‘బేస్’ అంటారు. బ్యాండ్‌లో ఈ-ఫ్లాట్ శ్రుతివి రెండు, బీ-ఫ్లాట్ శ్రుతివి రెండు ఉండాలి. నా ఒళ్లో ఉండేది ఈ-ఫ్లాట్. మన పెళ్లి ఊరేగింపుల్లో ఒంటికి చుట్టుకుని, తల మీద పెద్ద పువ్వులా విచ్చుకునే సూసాఫోన్ చూసే ఉంటారు. దానికి ఇది దగ్గర చుట్టం.

డెనిస్ విక్ కంపెనీ 2ఎల్ గురించి చెప్పే ముందు, దానికంటే ముందు కొన్న మౌత్‌పీస్, అంటే పెదవులు ఆనించి ఊదే ముక్క, దాని సంగతి చెప్పాలి. బ్యాండ్ వాళ్లు వాయిద్యంతో పాటు ఇచ్చినదానికి వెండి పూత పోయి ఇత్తడి బయటపడింది. అరగంట వాయిస్తే పెదవి మండేది. సరే, సొంతానికి ఒకటి కొనుక్కుందామని ఆన్‌లైన్‌లో వెతికాను. కప్పు వెడల్పు చూశాను, రిమ్, అంటే పెదవికి ఆనే అంచు, దాని మందం చూశాను, నలుగురూ ఏమన్నారో చదివాను. షాంక్, అంటే వాయిద్యంలోకి దూరే కింది గొట్టం, దాని సైజు మాత్రం చూడలేదు. అందులోనూ సైజులుంటాయని తెలిస్తే కదా!

వచ్చింది, పెట్టాను, దూరింది. దూరితే చాలనుకున్నాను. కింది స్వరాలు ఎలాగోలా పలికేవి. పైకి వెళ్లేకొద్దీ ఏ స్వరం ఎక్కడ నిలబడుతుందో తెలిసేది కాదు, మెత్తటి పరుపు మీద నడిచినట్టుండేది. శ్రుతి సవరించే గొట్టం, ట్యూనింగ్ స్లైడ్, ఎంత బయటికి లాగినా పక్కవాళ్లతో శ్రుతి కలిసేది కాదు. రెండేళ్లు నా పెదవుల్నే తిట్టుకున్నాను. రోజూ పొద్దున్నే గరాజ్‌లో కూర్చుని సాగదీసిన స్వరాలు సాధన చేశాను. పక్కింటివాళ్లు మంచివాళ్లు కాబట్టి సరిపోయింది.

ఒకరోజు రిహార్సల్ విరామంలో పక్క కుర్చీ పెద్దాయన నా మౌత్‌పీస్ పట్టుకుని, తిప్పకుండా ఊరికే అటూ ఇటూ కదిపాడు. టిక్, టిక్ మని చప్పుడు. బిగువుగా ఉండాల్సింది వదులు పన్నులా ఊగుతోంది. ఆయన ఏమీ అనలేదు, తన మౌత్‌పీస్ తీసి నా బేస్‌కి పెట్టాడు. అదే స్కేలు, అవే పెదవులు, స్వరాలు మాత్రం మెట్ల మీద అడుగు పడ్డట్టు ఒక్కొక్కటీ కుదురుగా నిలబడ్డాయి.

లెక్క చిన్నదే. ట్యూబా షాంక్‌ల్లో ప్రధానంగా రెండు రకాలు. అమెరికన్ లేదా చిన్న షాంక్ చివర సుమారు 13.3 మి.మీ. ఉంటుంది, యూరోపియన్ లేదా పెద్ద షాంక్ 14 మి.మీ. దరిదాపుల్లో. తేడా మిల్లీమీటర్ కూడా లేదు, దానికింత రాద్ధాంతం ఎందుకనిపిస్తుంది. కానీ షాంక్ తిన్నగా ఉండదు, సుమారు ఇరవైకి ఒకటి చొప్పున వాలుగా సన్నబడుతుంది. అంటే మందంలో 0.7 మి.మీ. తేడా ఉంటే, లోపలికి దిగే లోతులో 14 మి.మీ. తేడా వస్తుంది. మామూలుగా దిగాల్సింది పాతిక మిల్లీమీటర్లు. షాంక్ దూరే వాయిద్యం మూతిని రిసీవర్ అంటారు. చిన్న షాంక్‌ని పెద్ద రిసీవర్‌లో పెడితే లోపలి గొట్టం అంచుకి కొట్టుకునేదాకా దిగిపోయి, వదులుగా ఊగుతుంది. నాకు జరిగింది ఇదే. పెద్దదాన్ని చిన్నదాంట్లో పెడితే సగం కూడా దిగక బయటే వేలాడుతుంది. షాంక్ చివరకీ లోపలి గొట్టం మొదలుకీ మధ్య ఉండాల్సిన ఖాళీ మారిపోతే, శ్రుతీ స్వరం పలికే తీరూ రెండూ చెడతాయి.

ఆ ఆదివారం నాన్నకి ఫోన్లో ఇదంతా చెప్పాను. మాది చిలకలూరిపేట దగ్గర పల్లె, సన్నాయికి పేరున్న ప్రాంతం. “సన్నాయికి దారం కట్టి అరడజను పీకలు ఎందుకు వేలాడదీస్తారనుకున్నావురా, అలంకారానికా?” అన్నారు. చిన్నప్పుడు ఆ ఊదే రెల్లు ముక్కల్ని నేను నిజంగా అలంకారమనే అనుకున్నాను.

ఇక 2ఎల్. పేరులోని ఎల్ అంటే పెద్ద షాంక్. నా బేస్‌కి కావాల్సింది అదే. ఈసారి కొట్టుకి వాయిద్యం మోసుకునే వెళ్లాను, వీపు నొప్పి పుట్టినా సరే. షాంక్ మీద మార్కర్‌తో పొడుగునా నాలుగు గీతలు గీసి, పెట్టి, కొద్దిగా తిప్పి తీశాను. గీతలు మొదలు నుంచి చివరిదాకా సమానంగా చెరిగాయి. ఒక్క అంచు దగ్గరే చెరిగుంటే వాలు కలవలేదని అర్థం. కొట్టతను నవ్వుతూ చూశాడు గానీ వద్దనలేదు.

కప్పు లోతైనది, నాదం గుండ్రంగా వస్తుంది, ఊపిరి మాత్రం ధారాళంగా పోయాలి. ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసి వచ్చిన రోజు ఆ సంగతి బాగా తెలుస్తుంది. విట్ ఫ్రైడే, అంటే ఇక్కడి బ్యాండ్‌ల కవాతు పోటీల రోజు, సాయంత్రం సాడిల్‌వర్త్ ప్రాంతం ఊళ్లన్నీ బస్సులో తిరుగుతూ, దిగిన చోటల్లా కవాతు చేస్తూ వాయిస్తాం. చివరి ఊరు వచ్చేసరికి కూడా రిమ్ పెదవిని కోయదు. డిసెంబర్లో వీధుల్లో క్యారల్స్ వాయించేటప్పుడు మాత్రం లోపలి జేబులో పెట్టుకుని వెచ్చగా ఉంచుకోవాలి, లేదంటే మంచుముక్కని ముద్దు పెట్టుకున్నట్టే.

మూడో ఏడు నా చేతిలోంచే జారి షాంక్ కొస సొట్టపోయింది. మళ్లీ అదే పాత ఊగుడు. కంటికి కనపడనంత సొట్ట. రిపేరతను కొనదేలిన ఇనుప కడ్డీ లోపల పెట్టి, రెండు నిమిషాల్లో గుండ్రంగా సరిచేశాడు. ఇంకోసారి బిగుసుకుపోతే పటకారుతో పీకబోయాను, పెద్దాయన అరిచినంత పనిచేశాడు. దానికి పుల్లర్ అని వేరే సాధనం ఉంది, బ్యాండ్ హాల్‌లో అడిగితే దొరుకుతుంది. వదులుగా ఉన్నదానికి కాగితమో, ప్లంబర్ల టెఫ్లాన్ టేపో చుట్టి కచేరీ గట్టెక్కించొచ్చు. నేనూ చేశాను. ఆ ఒక్క పూటకే.

కిందటి నెల బ్యాండ్‌కి ఇంకో పాత బేస్ వచ్చింది. 2ఎల్ పెట్టి చూస్తే సగం బయటే ఉంది, దానిది చిన్న రిసీవర్. ఇప్పుడు నా దగ్గర రెండు మౌత్‌పీస్‌లు, రెండూ చూడ్డానికి కవలలు. కలిసిపోకుండా చిన్నదానికి మా ఆవిడ గోళ్ల రంగుతో ఎర్ర చుక్క పెట్టాను. షాంక్ మీద పెడితే మళ్లీ బిగువు మారుతుంది కదా, అందుకని కప్పు వెనక.