మూడు యాంటెనాల బీకన్: గుల్మార్గ్ మంచులో ఐదు శీతాకాలాలు, కర్నూలు ఎండలో ఐదు వేసవులు

ఒంటికి కట్టుకుంటే సంకేతం పంపుతూ ఉండే, మీట మారిస్తే మంచుచరియ కింద పూడినవాళ్ల బీకన్ సంకేతాన్ని వెతికే ఈ బీకన్ ఐదు శీతాకాలాలుగా గుల్మార్గ్‌లో వాడుతున్నదే. మిగతా కాలమంతా కర్నూలులో, మిద్దె కింద బీరువాలో ఉంటుంది. మంచులో ఇంతవరకు మొరాయించలేదు. దానికి గండం ఇక్కడి ఎండాకాలమే.

గుల్మార్గ్ రోప్‌వే, అంటే గోండోలా, రెండో దశ అఫర్‌వత్ కొండ భుజం మీద, 4,000 మీటర్లకు కాస్త తక్కువ ఎత్తులో దింపుతుంది. జెండాలు పాతిన భాగాన్ని స్కీ గస్తీవాళ్లు చూసుకుంటారు, అవసరమైతే పేలుడు పెట్టి చరియను ముందే దించేస్తారు. హద్దు తాడు దాటి పది మీటర్లు పక్కకు జరిగామా, ఆ కాపలా లేదు. పక్కనే జనం జారుతుంటారు కాబట్టి ఇదీ అదే మంచులే అనిపిస్తుంది. వాలు 30 నుంచి 45 డిగ్రీలు ఉన్నచోట, గాలి తెచ్చి పేర్చిన గట్టి పలక బలహీనమైన పొర మీద కూర్చుంటే ఒక్క మనిషి బరువు చాలు, పలక మొత్తం తెగి కదులుతుంది. 2010 ఫిబ్రవరిలో 17 మంది సైనికులను మింగిన ఖిలన్‌మార్గ్ ఈ కొండ వాలే.

ఇక పనితనం. బీకన్లన్నీ 457 కిలోహెర్ట్జ్ మీదే నడుస్తాయి, కాబట్టి జట్టులో తలా ఒక కంపెనీది ఉన్నా ఇబ్బంది లేదు. పెట్టె మీద రాసిన దూరాన్ని మాత్రం నమ్ముకోవద్దు. పూడినవాడి యాంటెనా అడ్డం తిరిగి ఉంటే అందులో సగం దూరానికి వచ్చాకే కూత వినపడొచ్చు. తెరమీది బాణం గుర్తు తిన్నగా తీసుకుపోదు, కొడవలిలా వంపు తిరుగుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే తప్పు చూపిస్తోందనుకుని అడ్డదారి పడతారు. వంపు వెంటే పోవాలి.

తెరమీద దూరం చూపే అంకె 3 మీటర్ల లోపుకు వచ్చాక బాణంతో పని లేదు. పరికరాన్ని మంచుకు ఆనించి, చేతిలో తిప్పకుండా, నత్తలా జరపాలి. 2.1, 1.6, 1.3, మళ్లీ 1.5. అంటే దాటేశాం, 1.3కి వెనక్కి. అక్కడినుంచి అడ్డంగానూ ఓసారి జరిపి, అన్నిటికన్నా తక్కువ అంకె వచ్చినచోట ప్రోబ్ (మంచులో గుచ్చి చూసే పొడవాటి సన్న కడ్డీ) దించాలి. వాలుకు లంబంగా, జానెడు ఎడంలో, చుట్లు తిరుగుతూ గుచ్చాలి. తగిలాక పీకకూడదు. పార వేయాల్సింది ప్రోబ్ మొదట్లో కాదు, లోతుకు ఒకటిన్నర రెట్లు దిగువనుంచి. పది నిమిషాలు దాటాక బతికే అవకాశం గబగబా పడిపోతుంది, అందుకే ఈ వరుస చేతులకు వచ్చేసి ఉండాలి.

నచ్చనిదల్లా, ఇద్దరు దగ్గరదగ్గరగా పూడితే మొదటివాడిని గుర్తుపెట్టి పక్కన పెట్టే బటన్. రెండు సంకేతాలు ఒకదానిమీద ఒకటి పడ్డప్పుడు తెర తికమకపడుతుంది. ఫోన్‌తోనూ పేచీయే: పంపుతున్నప్పుడు 20, వెతుకుతున్నప్పుడు 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. బ్యాటరీతో వేడెక్కే గ్లోవ్స్ ఉన్న చేత్తో పట్టుకుంటే లేని మనిషినీ చూపిస్తుంది.

ఇప్పుడు ఇంటి సంగతి. మేలో 42 డిగ్రీలు దాటే ఊర్లో ఆల్కలైన్ సెల్స్ లోపలే వదిలేస్తే కారతాయి. స్ప్రింగు మీద తెల్లగా, కొంచెం పచ్చగా పెచ్చు కడుతుంది. గీకితే పోయినట్టే ఉంటుంది కానీ స్పర్శ సరిగా అందక కొండమీద ఆగిపోతే అడిగేవాడుండడు. పెచ్చు కట్టిందంటే కంపెనీ సర్వీసుకే పంపాలి. సీజన్ అయిపోగానే సెల్స్ తీసేయడమే మందు. రీచార్జబుల్ వద్దేవద్దు: వాటి వోల్టేజీ చివర్లో ఒక్కసారిగా కూలుతుంది, తెరమీద శాతం మాత్రం బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ఎక్కేటప్పుడు జారకుండా స్కీ కింద అంటించే పట్టీల (స్కిన్స్) జిగురూ ఈ వేడికి కారుతుంది, వాటి చోటు ఫ్రిజ్‌లో కూరగాయల అర. ఇంట్లోవాళ్ల సణుగుడు వేరే లెక్క.

సాధనకు మంచే అక్కర్లేదు. ఎండాకాలం తుంగభద్ర ఇసుకలో బీకన్‌ను అరమీటరు లోతున పూడ్చి వెతికితే అంకెలు దాదాపు అలాగే ఆడతాయి. స్టీలు క్యారియర్‌లో పెట్టి పూడ్చకూడదు, లోహం సంకేతాన్ని మింగేస్తుంది. ప్లాస్టిక్ డబ్బానే వాడాలి. మోటారు షెడ్లకూ కరెంటు తీగలకూ దూరంగా ఉండాలి. ప్రోబ్ ఇసుకలో దిగదు కాబట్టి దానికి గడ్డివామి మేలు. లోపల పాతగుడ్డలు కుక్కిన బస్తా దాచి గుచ్చితే, నేల తగిలినప్పటి గట్టి దెబ్బకూ బస్తా తగిలినప్పటి మెత్తటి ఎదురుతోపుకూ తేడా రెండు పూటల్లో చేతికి పట్టుబడుతుంది.