లింక్డ్‌ఇన్‌లో తిరగాలా, గిట్‌హబ్‌లో కూర్చోవాలా?

అనంతపురంలో ఇంటి నుంచి కోడ్ రాసేవాళ్లకి డౌట్ వస్తే అడగడానికి పక్క సీటులో ఎవరూ ఉండరు, అందుకే ఉద్యోగ పరిచయాల సైటు లింక్డ్‌ఇన్, కోడ్ పెట్టి పంచుకునే సైటు గిట్‌హబ్, ఈ రెండే మాకు ఆఫీసు. (రెండూ మైక్రోసాఫ్ట్‌వే లెండి, 2016లో ఒకటి, 2018లో ఇంకొకటి కొనేసింది.)

లింక్డ్‌ఇన్‌లో మనుషులు దొరుకుతారు. బెంగళూరులో ఏ టీంలో ఖాళీ ఉందో ముందు తెలిసేది అక్కడే. నేర్చుకోవడానికంటారా? పొద్దున్నే ఉగ్గాని బజ్జీ తింటూ తెరిస్తే అన్నీ ప్రమోషన్ల పోస్టులే, మూసేసరికి మనమే వెనకబడ్డామన్న టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

గిట్‌హబ్‌లో మొహమాటాలుండవు. ఒక ఓపెన్ సోర్స్ లైబ్రరీకి (ఎవరైనా తీసుకుని వాడుకోగల రెడీమేడ్ కోడ్) నేను మొదటి పుల్ రిక్వెస్ట్, అంటే నా మార్పు కలుపుకోమనే అభ్యర్థన, పెడితే, మూడే మూడు లైన్ల మార్పుకి, ఆ కోడ్‌ని చూసుకునే ముక్కూమొహం తెలియని మెయింటెయినర్ ఏడు కామెంట్లు రాశాడు: కోడ్ సరిగ్గా పనిచేస్తోందో చూసే టెస్ట్ ఏది, లిస్టు ఖాళీగా వస్తే ఏమవుతుంది, ఈ వేరియబుల్‌కి ఇదేం పేరు అని. ఆ రాత్రి ఒళ్లు మండింది గానీ, ఖాళీ లిస్టు పంపి చూస్తే నిజంగానే ఎర్రర్ కొట్టింది. ఇప్పటికీ టెస్ట్ లేకుండా కమిట్ చేయాలంటే (మార్పుని నమోదు చేయాలంటే) చెయ్యి ఆగిపోతుంది. పాత ఇష్యూలు (బగ్గులు, సూచనల మీద జరిగిన చర్చలు) చదివినా చాలు, ఆ డిజైన్ అలా ఎందుకుందో వాదనలతో సహా దొరుకుతుంది.

అయితే గిట్‌హబ్ ప్రొఫైల్‌లో ఏ రోజు పనిచేశామో చూపే ఆ పచ్చ గళ్లు చూసి ఇంటికొచ్చి ఉద్యోగం ఇచ్చేవాళ్లు అరుదు. నేనైతే రోజూ గిట్‌హబ్, ఆదివారం ఓ అరగంట లింక్డ్‌ఇన్, అదీ మెర్జ్ అయిన, అంటే అసలు కోడ్‌లో కలిసిన, నా మార్పు లింకు పెట్టడానికే.